విప్పడానికి వీల్లేని డబ్బా

ఊర్మిళ భర్త శ్యాంసుందర్ చేతులకు ఊరుకోవడం తెలియదు. సూరత్‌లో మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీ. మగ్గం మీద అతడి చెయ్యి మంచిదని వాళ్లుండే నవాగామ్‌లో ఎవర్నడిగినా చెబుతారు. చిక్కల్లా ఇంట్లోనే. చప్పుడు చేసే యంత్రమేదైనా తనను విప్పి నూనె పొయ్యమని అడుగుతోందని అతడికి గట్టి నమ్మకం. రేడియో విప్పాడు, గోడ గడియారం విప్పాడు. కిందటి దసరా ముందు, ఇంకా మెత్తగా నడిపిస్తానంటూ, ఊర్మిళ నలుగురికీ జాకెట్లు కుట్టే కుట్టుమిషను విప్పాడు, మళ్లీ బిగించలేకపోయాడు. పండగ జాకెట్లన్నీ పక్క గల్లీ పద్మారాణి దగ్గరికి పోయాయి. పోయినవాళ్లు మళ్లీ ఈ గడప తొక్కలేదు. మిషను ఇంకా మంచం కింద గోనెసంచిలో ముక్కలుగా పడుంది.

అందుకే ఆ రోజు రింగ్ రోడ్డు మీది కంప్యూటర్ల దుకాణంలో ఊర్మిళకు కాలు నిలవడం లేదు. కూర్చుంటుంది, లేస్తుంది, కొంగు సర్దుకుని మళ్లీ కూర్చుంటుంది. ఖటోదరాలో ఒక చీరల సేఠ్‌కు ఆమె గళ్ల కాగితాల మీద అంచుల డిజైన్లు గీసిస్తోంది. దీపావళి తర్వాత ఆ కాగితాలు ముట్టననీ, ఫ్లాపీలో తెస్తేనే తీసుకుంటాననీ ఆయన తేల్చేశాడు. పాపం, క్లాసుకు వెళ్లి ఆ విద్యా నేర్చుకుంది. ఇక ఇంట్లో కంప్యూటర్ ఒకటి ఉండాలి, అది రోజూ నడవాలి. ఇదీ చేజారితే ఆమెకంటూ మరో పని లేదు.

ఎదురుగా రెండున్నాయి. ఒకటి తెరా యంత్రమూ కలిసిన ఒకే డబ్బా, ఎక్కడా మర కనిపించదు. రెండోదానికి తెర వేరు, పక్కన నిలువుగా పెద్ద పెట్టె. శ్యాంసుందర్ అప్పుడే ఆ పెట్టె వెనక్కి చేరి, మరలను బొటనవేలితో రుద్దుతున్నాడు.

"గిది తీసుకుందాం. రేపు జోరు చాలకపోతె లోపట కొత్త సామాన్ ఏసుకోవచ్చట. గా డబ్బా ఎట్లున్నదో గట్లనే ఉంటది."

"నాకు గట్లనే ఉండాలె," అంది ఊర్మిళ.

"ఆ డబ్బాను విప్పితే గ్యారంటీ పోతుంది బెహన్," అన్నాడు దుకాణదారు హిందీలో.

ఆ మాటతో ఊర్మిళ ప్రాణం లేచొచ్చింది. డబ్బానే కట్టమంది. అతడు పురికొస చుడుతూ, ఇల్లెక్కడని అడిగాడు. నవాగామ్‌లో, కింద మగ్గాలు, పైన తమ గది అని చెప్పింది. పురికొస ఆగిపోయింది.

అతడు లోపలికెళ్లి మరమ్మతుకొచ్చిన పెట్టె ఒకటి తెచ్చి, పక్క మూత తీశాడు. లోపల బూడిదరంగు నూగు దుప్పటిలా పరుచుకుని ఉంది. మగ్గాల కింద రోజూ చూసే నూగే అది.

"దీన్ని అప్పుడప్పుడూ విప్పి దులుపుకోవచ్చు. డబ్బాలో ఇంత చేరితే ముంబై పంపాలి. ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

ఊర్మిళకు ఏడుపొచ్చినంత పనైంది. విప్పడం కుదరక చచ్చేది ఒకటి, విప్పి తీరాల్సింది మరొకటి. ఇంట్లో విప్పే మనిషేమో ఈయన. భర్త వైపు చూసింది. అతడు రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నీకేది కావాల్నో గదే తీసుకో. నేను ముట్ట."

మేస్త్రీ నోట ఆ మాట వినడం ఆమెకు సిగ్గనిపించింది. కుట్టుమిషను గుర్తొచ్చి కోపం కూడా తగ్గలేదు.

"ఎవరో ఒకరు ముట్టాలె గదా," అని గొణిగి, దుకాణదారు చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుంది. "విప్పుడెట్లనో నాకు చూపియ్యి భాయ్. ఆయనకు గాదు, నాకు."

చివరికి ఆ పెట్టే ఇంటికొచ్చింది. ఆమె చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి కొని, నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తికి తగిలించుకుంది.

మగ్గాలకు సెలవొచ్చిన రోజు కింద ఎవరి మగ్గాలు వాళ్లు దులిపి నూనె పోసుకుంటున్నారు. పైన ఊర్మిళ పెట్టె మూత తీసి, కుంచెతో నూగు దులిపింది. వెనక నూనె డబ్బా పట్టుకుని శ్యాంసుందర్ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నడిచేటప్పుడు లోపటి పంకా చప్పుడు జేస్తున్నదే. ఒక్క చుక్క."

"వద్దు."

అతడు నూనె డబ్బా కిటికీలో పెట్టేశాడు. ఆమె మూత బిగించి మీట నొక్కి, ఫ్లాపీ పెట్టింది. తెర మీద, సగం గీసిన నెమలి అంచు చెక్కుచెదరకుండా వచ్చింది.

వెనక గోనెసంచి ఈడ్చిన చప్పుడైంది. శ్యాంసుందర్ కుట్టుమిషను ముక్కలు నేల మీద పరిచి, ఆమె నడుము వైపు చూస్తున్నాడు. అతడి పనిముట్ల సంచి నిండా స్క్రూడ్రైవర్లే. అది తలుపు వెనకే వేలాడుతోంది.

"నీ పేచ్‌కస్ జర ఇస్తవా?" అని అడిగాడు. "మిషన్ నీదే గదా."

ఊర్మిళ గుత్తి విప్పి అతడి చేతికిచ్చింది.