అమ్మింది బిల్లునా, కంపెనీనా?

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో కొత్త డేటా సెంటర్ కట్టడం పూర్తయ్యాక, సర్వర్లు లోపలికి తెచ్చే ముందు, నేల అడుగు సందుల దాకా దుమ్ము తీయాలి. ఎలీనా కంపెనీ చేసేది ఆ పని. కాకినాడ నుంచి వచ్చి చాలా ఏళ్లు మందుల కంపెనీ ల్యాబుల్లో పనిచేసి, చివరికి సొంతంగా మొదలుపెట్టింది. పనిలో పేరైతే త్వరగానే వచ్చింది. డబ్బు మాత్రం రెండు మూడు నెలలు ఆగి వచ్చేది. పనివాళ్ల జీతాలు అలా ఆగవు. రెండు వారాలకోసారి శుక్రవారం ఇచ్చి తీరాలి.

భర్త షాలేం రాజు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని సేవింగ్స్ అప్పటికే రెండుసార్లు జీతాలకు వాడేశారు. మూడోసారి అడగడానికి ఎలీనాకు నోరు రాలేదు. అప్పుడే ఎవరో ఇన్వాయిస్ ఫ్యాక్టరింగ్ గురించి చెప్పారు. దగ్గర్లోని రెస్టన్ ఊళ్లో ఒక చిన్న ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే పూజిత అనే అమ్మాయి మాట్లాడింది. ఇక్కడే పుట్టిన పిల్ల. ఎలీనా పేరు వినగానే తెలుగులోకి దిగింది.

“ఆంటీ, ఇది లోన్ కాదు. మీ బిల్ మేము కొంటాం. ఎయిటీ ఫైవ్ పర్సెంట్ ఇప్పుడే ఇస్తాం. మీ కస్టమర్ మాకు పే చేస్తాడు. అప్పుడు మా ఫీజ్ తీసి, మిగతాది మీకు ఇస్తాం.”

స్పీకర్లో వింటున్న షాలేం రాజు అడ్డం వచ్చాడు. “కొనేశాక మళ్లీ మిగతాది ఇవ్వడం ఏంటమ్మా? అప్పు కాకపోతే ఫీజు ఎందుకు?”

“అది... కొంచెం రెండూ, అంకుల్. బట్ నాట్ రియల్లీ.”

ఫోన్ పెట్టేశాక భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నీకేమైనా అర్థమైందా?” అన్నాడతను.

“శుక్రవారం లోపల డబ్బు వస్తుందని అర్థమైందండీ” అంది ఎలీనా. ఒప్పందం మీద సంతకం పెట్టింది.

డబ్బు వచ్చింది, జీతాలు పడ్డాయి. ఎలీనా కాస్త ఊపిరి పీల్చుకునేలోగా, ఆమెకు పని ఇచ్చే పెద్ద కాంట్రాక్టర్ దగ్గర బిల్లులు చూసే డెరెక్ ఫోన్ చేశాడు. ఇకపై ఆమె బిల్లుకు డబ్బు వేరే కంపెనీకి పంపమని తనకు నోటీసు వచ్చిందనీ, ఇది మోసమా నిజమా అనీ అడిగాడు. ఎలీనా కంగారుపడి, “నిజమే, వాళ్లకు అమ్మేశాను” అంది. ఏం అమ్మిందో చెప్పడం మరిచిపోయింది. డెరెక్ అభినందనలు చెప్పి పెట్టేశాడు. ఎందుకు అభినందించాడో ఆమెకు బోధపడలేదు.

రెండు రోజుల్లో బోధపడింది. ఆమె దగ్గర మొదటినుంచీ పనిచేస్తున్న మారిసోల్, మాస్కు తీసి నేరుగా అడిగింది, కొత్త యజమాని ఎవరని. ఎలీనా కంపెనీ అమ్మేసిందని సైట్లో అందరూ అనుకుంటున్నారట. ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక జ్ఞానమ్మ ఆంటీ చెయ్యి పట్టుకుంది. “కంపెనీ అమ్మేశావంట కదమ్మా! నీ కోసం ప్రార్థన చేస్తున్నాం. అప్పులేమైనా అయ్యాయా?”

“అమ్మలేదు ఆంటీ, బిల్లు అమ్మాను.”

“బిల్లు అమ్మడమేంటమ్మా? బిల్లు కట్టేదిగా!”



ఆ గందరగోళం అలా ఉండగానే, ఒక ఉదయం ఆమె బ్యాంకు ఖాతాలో కాంట్రాక్టర్ నుంచి పెద్ద మొత్తం పడింది. అది ఆమె పంపిన ఏ బిల్లుకూ సరిపోలేదు. ఏ బిల్లు తాలూకో ఎక్కడా రాసి లేదు. పూజిత ఇస్తానన్న మిగతాదా? అంత ఎక్కువ ఉండదు. మరి డెరెక్ డబ్బు వాళ్లకు కదా పంపాలి?

“మన పని డబ్బు మనకొచ్చింది. ఇందులో ఆలోచించేదేముంది?” అన్నాడు షాలేం రాజు.

ఆ మాట ఆమెకు కావలసిన మాటే. పాత వాక్యూమ్ మెషీన్ మూలపడి ఉంది. కొత్తదానికి ఆర్డర్ ఇచ్చేసింది.

మెషీన్ రాకముందే పూజిత ఫోన్ వచ్చింది. గొంతులో ఆంటీ అన్న చనువు తగ్గింది. “డెరెక్ పే చేశాను అంటున్నాడు. మాకు రాలేదు. మీకు వచ్చిందా?”

“వచ్చింది. మాదేగా?”

“నో ఆంటీ. అది మేము కొన్న బిల్. ఆ డబ్బు మాది. మీరు వాడితే చాలా సీరియస్ అవుతుంది.”

ఎలీనా ఇన్నేళ్లలో ఎవరి రూపాయీ ఉంచుకోని మనిషి. ఇప్పుడు తన పని తాలూకు డబ్బే తను దొంగిలించినట్టయింది. ఫోన్లో మాట్లాడి లాభం లేదనుకుని కారు తీసి రెస్టన్ వెళ్లింది.

ఎలీనా ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. “నాకు నిజంగా అర్థం కాలేదమ్మా. చిట్టీ పాటలాంటిదా ఇది? అవసరమున్నవాడు కొంత వదులుకుని డబ్బు ముందే తీసుకుంటాడు, అలాగా?”

“చిట్టీ అంటే ఏంటి ఆంటీ?”

ఎలీనా వివరించబోయింది. సగంలోనే పూజిత మొహం తన మొహంలాగే తయారవడం చూసి ఆపేసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత పూజిత డెరెక్‌ను లైన్లోకి తీసుకుంది. విషయం అప్పుడు బయటపడింది. అతను పాత ఖాతా నంబరు మార్చలేదు. పైగా అమ్మిన బిల్లు డబ్బునూ, అమ్మని చిన్న బిల్లు డబ్బునూ కలిపి ఒకేసారి పంపాడు. అంటే ఆ డబ్బులో కొంత నిజంగానే ఎలీనాది.

ఎలీనా ఈసారి మాటలు కూడదీసుకుని చెప్పింది. “కంపెనీ నాదే. నేను అమ్మింది ఒక్క బిల్లు. మీరు ఇవ్వడం ఆలస్యమవుతుంది కాబట్టి అమ్మాను.”

“ఆలస్యమా? అందరికీ అలాగే ఇస్తాం. చిన్న కంపెనీలు అడిగితే ముప్పై రోజుల్లో ఇచ్చే పద్ధతి మా దగ్గర ఉంది. మీరు ఎప్పుడూ అడగలేదు” అన్నాడు డెరెక్.

ఎలీనా పూజిత వైపు చూసింది. పూజిత టేబుల్ వైపు చూసింది.

మెషీన్ ఆర్డర్ రద్దు చేస్తే కొంత కోత పడింది. పూజిత కంపెనీ వాటా వాళ్లకు పంపేసింది. ఆ తర్వాత వచ్చిన “మిగతాది” ఆమె అనుకున్నదానికన్నా తక్కువ. ఆలస్యమైన ప్రతి వారానికీ ఫీజు పెరిగిందట. అది ఒప్పందంలో ఉంది. తను చదివింది కూడా.

మర్నాడు పని మొదలయ్యే ముందు మారిసోల్‌నీ మిగతావాళ్లనీ పిలిచి, యజమాని తనేననీ, జీతాలు మునుపటిలాగే వస్తాయనీ చెప్పింది. ముప్పై రోజుల్లో డబ్బు ఇచ్చే పద్ధతి కోసం డెరెక్ పంపిన దరఖాస్తు నింపి పంపింది. పని మాత్రం పెరుగుతూనే ఉంది. ఇంకో కాంట్రాక్టర్ పిలిచాడు. వాడు నాలుగు నెలలకు గానీ డబ్బివ్వడని అప్పటికే అందరూ చెబుతున్నారు.

“ఇంతకీ మనం చేసింది తప్పా ఒప్పా?” అన్నాడు షాలేం రాజు రాత్రి అన్నం దగ్గర.

“తెలీదండీ” అంది ఎలీనా. “ఈసారి మాత్రం త్వరగా ఇస్తారా అని ముందు ఆ కాంట్రాక్టర్‌నే అడుగుతాను. కాదంటే పూజితకు ఫోన్ చేస్తాను.”

“మళ్లీనా?”

ఆమె చారు గిన్నె అతని వైపు జరిపింది. “ఈసారి కొంచెం అర్థమైంది కదా” అంది. ఆ మాట తనకే అంత నమ్మకంగా వినిపించలేదు.