అద్దంలో అంగుళం

గొట్టాల్లోకి గాలి పెట్టి, నాలుగోదాని మీద బ్రష్‌తో సబ్బునీళ్ళు పూసి, శేషగిరి ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. బుడగ రాలేదు. మూడో గొట్టానికి వచ్చాడు. ముందువైపు రాలేదు, పక్కలా రాలేదు. వెనకవైపు, చూపు ఆనని చోట, బుస్సుమని సన్నటి చప్పుడు వినిపించింది. వేలు దూర్చి తడిమాడు. నురగ వేలిని తోసుకుని పొంగుతోంది. అక్కడ అంగుళం పొడవున అతుకే లేదు.

ఫరీదాబాద్‌లో పాత ఫ్యాక్టరీల వెనక సందులో రేకుల షెడ్డు ఆయనది. అరవై మూడేళ్ళ జీవితంలో మనిషన్నాక తప్పులు చేసే ఉంటాడు, ఎవరు కాదన్నారు? కానీ సగం అతుకు వేసి మరిచిపోవడం మాత్రం ఇదే మొదలు. నిన్న సాయంత్రం ఆ గొట్టం మీద ఉండగా కరెంటు పోయింది. సరే కదా అని టీకి వెళ్ళాడు. తిరిగొచ్చి తిన్నగా నాలుగో గొట్టం పట్టుకున్నాడు. కుడికంట్లో శుక్లం లేకపోతే ఆ ఖాళీ కనబడకపోయేదా? కనబడేదే. ఆపరేషన్‌కి డాక్టరు రెండుసార్లు తేదీ ఇస్తే రెండుసార్లూ ఈయనే ఎగ్గొట్టాడు. నెలరోజులు వెల్డింగ్ ముట్టుకోవద్దంటే ఏం చేస్తాడు, గోడలు చూస్తూ కూర్చుంటాడా?

కారు షెడ్డు మధ్యలో ఉంది. కారంటే పూర్తిగా కారూ కాదు. సీట్లు పీకేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టి, రంగు సగమే వేసిన పాత మారుతి. ఉమారాణి ఇంట్లో తయారుచేసుకుంటున్న రేసు కారది. ఆవిడ ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసరు, వారమంతా గణాంకాలు చూస్తుంది. ఆదివారం వస్తే ఇదే ఊళ్ళో తన ఇంటి కింద గ్యారేజీలో పానాలు పట్టుకుంటుంది. నాలుగేళ్ళుగా ఇదే వరస. కాలనీలో నవ్వని వాళ్ళు లేరు. శేషగిరి మాత్రం నవ్వలేదు. నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి గేర్ బాక్సు తనే విప్పి తనే బిగించిందంటే, లోపల ఎంత కోరికుందో ఆయనకి తెలుసు. రేపు ఆదివారం గ్రేటర్ నోయిడా ట్రాక్ మీద ఆ కారు మొదటిసారి పరుగెత్తాలి. మూడు నెలల క్రితం దొరికిన తేదీ అది. ఈ సాయంత్రం ఐదింటికి కారును ఎత్తుకెళ్ళడానికి పికప్ వస్తుంది.

శేషగిరి ఆ కారుకి చేస్తున్నది హెడర్. అదేం బ్రహ్మవిద్య కాదు. ఇంజనులో పుట్టిన పొగను నాలుగు నోళ్ళ నుంచి బయటికి తెచ్చే నాలుగు గొట్టాలు, చివర ఒకే గొట్టంలో కలుస్తాయి. చిక్కల్లా నాలుగూ ఒకే పొడవు ఉండాలి. దూరంగా ఉన్నది తిన్నగా వస్తుంది, దగ్గరున్నది కావాలని చుట్టు తిరిగి రావాలి. అదీ జానెడు చోటులో, స్టీరింగ్ రాడ్డుకి తగలకుండా. అందుకే వంపు గొట్టాలని పొట్లకాయ ముక్కల్లా కోసి, నూలుదారంతో కొలుచుకుంటూ, ముక్కకి ముక్క అతికాడు శేషగిరి. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ మూడో గొట్టం మిగతావాటి మధ్య ఇరుక్కుని ఉంది. వెల్డింగ్ టార్చి దూరే సందుంది గానీ, కన్ను దూరే సందు లేదు.

పక్కన లేత్ మిషను నడిపే తివారీ వచ్చి వంగి చూశాడు. లోపలెక్కడో ఉంది కదా మాస్టర్‌జీ, ఇంత పుట్టీ మెత్తితే రేపటి రోజు గడిచిపోతుంది, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. శేషగిరి పుట్టీ డబ్బా పక్కకి నెట్టాడు. తివారీ మంచివాడే. కానీ పుట్టీ ఊడితే నిప్పులాంటి పొగ చిమ్ముతుంది, ఆవిడ పాదం ఉండేది ఆ గొట్టానికి మూరెడు దూరంలో.

పదింటికి ఉమారాణి వచ్చింది. పాత సల్వారు మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా వేసుకుని, చున్నీ నడుముకి చుట్టుకుని.

"తప్పు నాదేనమ్మా. అంగుళం వదిలీసేను" అన్నాడు శేషగిరి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా.

ఆవిడ కోప్పడలేదు. మొహం మాత్రం పాలిపోయింది. నాలుగేళ్ళ పని అంగుళం దగ్గర ఆగిపోతుందా అనే దిగులు కళ్ళలో కొట్టొచ్చినట్టు కనబడింది. ఇప్పుడేం చేద్దాం అని అడిగింది.

"కోస్తే రెండ్రోజులు. కొయ్యకుండా ఉండాలంటే అద్దం ఒకటే దారి. సెయ్యి ఆడకుండా పట్టుకోగల్రేటి?"

సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పాడు. అరచేతిలో పట్టే గుండ్రటి అద్దం, స్టీలు చట్రం. పై అంచున మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది.

ఆ అద్దానికి ఒక కథ ఉంది. విశాఖపట్నం గాజువాక నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసులో శేషగిరి బదర్‌పూర్ కరెంటు ప్లాంటుకి వచ్చాడు. బాయిలర్ గొట్టాలు అతకడం పని. అక్కడ గొట్టాలు గోడని ఆనుకుని వరసగా ఉంటాయి, వెనకవైపు తొంగిచూసే వీలుండదు. అద్దం పెట్టుకుని, అందులో కనబడే నిప్పుని చూస్తూ అతకాలి. అద్దంలో కుడి ఎడమవుతుంది, చెయ్యి ఒకవైపు పోతే కన్ను ఇంకోవైపంటుంది. నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరోజు ప్లాంటులో ఇచ్చిన అద్దం పగిలిపోతే, మర్నాడు ఇంట్లో కమల అద్దం పట్టుకుపోయాడు. సాయంత్రం మసి పట్టి తిరిగొచ్చిన అద్దాన్ని చూసి ఆవిడ నడుమున చేతులు పెట్టుకుని, "నా మొగం సూసుకునే అద్దంలో నువ్వు గొట్టాలు సూసుకుంతావేటి?" అని నిలదీసింది. మర్నాడు పొద్దున్న మాత్రం తనే చద్దిడబ్బా పక్కన ఆ అద్దం పెట్టి పంపింది. అప్పట్నించి పొద్దున్న ఆవిడకి, పగలు ఈయనకి. రోజూ ఇంటికి రాగానే ఆవిడ కొంగుతో మసి తుడిచి, మొహం కడుక్కుని బొట్టు పెట్టుకునేది. పడుకునే ముందు స్టిక్కరు తీసి అద్దం అంచున అంటించేది. ఇరవై ఎనిమిదేళ్ళు అలా జరిగింది. అద్దాన్ని ఎంత మసి చేసి తెస్తే ఆవిడ అంత సేపు తిట్టేది, ఆ తిట్లు వినడానికే ఆయన దారిలో తుడవకుండా తెచ్చేవాడు. పిల్లలు లేని ఇంట్లో అదొక ఆట.

ప్లాంటు మూతపడ్డాక ఈ షెడ్డు. ఆరేళ్ళ క్రితం నాలుగు రోజుల జ్వరంతో కమల పోయింది. ఆసుపత్రికి బయల్దేరేముందు అంటించిన బొట్టు అంచున ఉండిపోయింది. అద్దాన్ని రోజూ సంచిలో తెచ్చుకుంటాడు, రోజూ తీసుకెళ్ళి అలమరలో పెడతాడు. పని ఉన్నా లేకపోయినా.

"బొట్టు పైకుండాలమ్మా. సెగ తగిల్తే రాలిపోద్ది" అన్నాడు.

"ఎవరిదండీ?"

"మా కమలది."

ఉమారాణి చేతులు చొక్కాకి తుడుచుకుంది. అద్దాన్ని రెండు చేతులా అందుకుంది.

గొట్టాల లోపల మాడకుండా ఆర్గాన్ గ్యాస్ వదిలారు. ఇద్దరూ మాస్కులు దించుకున్నారు. శేషగిరి తన మాస్కు కుడివైపు నల్ల టేపు అంటించేశాడు. చూడలేని కన్ను మధ్యలో దూరి అల్లరి చేయడమెందుకని. సందులోకి టార్చి, ఇంకో పక్కనించి సన్నటి తీగ. అద్దంలో అంగుళం ఖాళీ నల్లటి గీతలా కనబడింది.

మొదటిసారి చెయ్యి తప్పింది. తీగ గొట్టానికి అంటుకుపోయింది. ఆగి, రుద్ది, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎడమ భుజం లాగుతోంది. వంగి కూర్చున్నందుకేలే అనుకున్నాడు. భయం వేసింది ఆయనకి, నిజంగానే. ఈ చెయ్యి ఇంక తనది కాదేమో, నలభై ఏళ్ళ పనితనం ఈ అంగుళం దగ్గర తెగిపోతుందేమో అని. అప్పుడు కళ్ళు మూసుకుని ఊరికే చప్పుడు విన్నాడు. నిప్పు సరిగ్గా ఉంటే సన్నగా, ఒకే తీరున పలుకుతుంది. దూరం జరిగితే గరగరమంటుంది. ఆ చప్పుడు చెవిలో పెట్టుకుని, ఒంటికన్నుతో అద్దంలోకి చూస్తూ, బియ్యపు గింజంత, బియ్యపు గింజంత జరిపాడు. ఉమారాణి ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆవిడ చేతులు ఆడలేదు. అద్దం ఆడలేదు.

"బస్" అన్నాడు చివరికి.

మళ్ళీ సబ్బునీళ్ళు పూశాడు. గాలి పెట్టాడు. వేలు దూర్చి తడిమాడు. నురగ పూసినచోట పూసినట్టే ఉండిపోయింది. ఆయన నేల మీద చతికిలబడి, కాళ్ళు చాపుకుని, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. చెయ్యి ఇంకా తనదే. ఉమారాణి కళ్ళు తుడుచుకుంది. తివారీ తెచ్చిన టీ చల్లారిపోయినా ఇద్దరూ తాగారు.

మధ్యాహ్నమంతా బిగింపు. చేతిలోని అద్దాన్ని గుడ్డలో చుట్టి, కారు ముందుభాగంలో స్టీరింగ్ పక్కనున్న చిన్న అరలో కదలకుండా దూర్చి, ఉమారాణి తనే బోల్టులు తిప్పింది. నాలుగున్నరకి ఇంజను స్టార్ట్ చేసింది. షెడ్డు రేకులు అదిరిపోయాయి. శేషగిరి తల పక్కకి వంచి విన్నాడు. ఒక్క గొట్టం కూడా వేరేగా పలకడం లేదు. "నాలుగూ ఒకే మాట మీదున్నాయమ్మా" అన్నాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడే.

పికప్ వెళ్ళిపోయాక షెడ్డు ఊడ్చాడు, టార్చి కేబులు చుట్టాడు, సంచి సర్దబోయి ఆగాడు. అద్దం లేదు. బల్ల కింద వెతికాడు. చివరికి ఫోన్ చేశాడు.

"అద్దం మీకాడ గానీ ఉండిపోనాదేటమ్మా?"

"అయ్యో, కార్లోనే పెట్టి మర్చిపోయానండీ. సారీ. వెనక్కి తిప్పించనా?"

ఆయన సందు చివరికి చూశాడు. పికప్ ఈ పాటికి హైవే ఎక్కి ఉంటుంది. తెల్లారితే పరుగు.

"వొద్దు, ఎల్లండి. బొట్టు రాలిపోకుండా సూడండి, సాలు."

రేపు ట్రాక్ నుంచి సీదా మీ దగ్గరికే తెచ్చిస్తానంది. ఠీక్ హై అన్నాడు. ఇంటికెళ్ళి అలమర తెరిచి, ఖాళీగా ఉన్న చోటు చూసి, కమల ఉండి ఉంటే ఎన్ని తిట్లు తిట్టేదో అనుకుని ఉంటాడు.

ఆదివారం ఉమారాణి ఏడు చుట్లు తిరిగింది. అందరికన్నా వెనక వచ్చింది. ఆ కారు చప్పుడు విని ట్రాక్ దగ్గర పక్క గ్యారేజీ వాళ్ళు వచ్చి, హెడర్ ఎవరు చేశారని అడిగారు. పేరూ చిరునామా కాగితం మీద రాసిచ్చింది. నాలుగింటికి లడ్డూల డబ్బా పట్టుకుని షెడ్డు దగ్గర దిగింది. షట్టర్ వేసి ఉంది. దాని ముందు స్టూలు మీద తివారీ కూర్చుని ఉన్నాడు.

"మాస్టర్‌జీ ఆజ్ ఉఠే హీ నహీఁ, దీదీ."

పొద్దున్న లేవనే లేదట. పాలు పోయడానికి వచ్చినవాడు తలుపు కొట్టి కొట్టి ఇల్లుగలవాళ్ళని పిలిచాడట. నిద్రలోనే పోయాడట. ఇందిరాపురం నుంచి తమ్ముడి కొడుకు వచ్చి మధ్యాహ్నానికి దహనంతో సహా అన్నీ జరిపించేశాడట. ఇంకేదో చెబుతున్నాడు తివారీ. ఆవిడ లడ్డూల డబ్బా అతని చేతిలో పెట్టి, పికప్ మీదున్న కారు దగ్గరికి నడిచింది.

తలుపు తెరిచి గుడ్డ విప్పింది. అద్దం మీద నిన్నటి మసి అలాగే ఉంది. నడుముకి చుట్టిన చున్నీ కొస లాగి, మధ్యలో తుడిచింది, పక్కలా తుడిచింది, పై అంచు దాకా వచ్చి ఆగింది. మెరూన్ రంగు బొట్టు రాలకుండా, పెట్టినచోటే ఉంది.