ఎడారిలో గుండ్లేరు గ్యాంగు

"సాయంత్రం మగ్రిబ్ బాంగు వినపడేసరికి నువ్వు ఇంట్లో ఉండాలి. ఉంటే ఇకమీద శుక్రవారం సెలవు. ఒక వారం నీకు, ఒక వారం చిన్నక్కకు. లేకపోతే ఖలాస్, ఇద్దరికీ లేదు."

పనివాళ్లు మామా అని పిలిచే ఇంటి యజమానురాలు సగం అరబ్బీలో, సగం చేతి సైగలతో చెప్పిన ఈ మాట పొద్దుటినుంచీ కళావతి చెవిలోనే ఉంది. కువైట్‌లో, ఎగైలాలోని ఆ ఇంట్లో వంట కళావతిది, పిల్లల పని తోటి పనిమనిషి చిన్నక్కది. మామా చెడ్డ మనిషి కాదు. వీళ్లకు ముందు పనిచేసిన అమ్మాయి ఒక శుక్రవారం చర్చికని వెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచి శుక్రవారమంటే మామాకు భయం. ఆ భయానికి వీళ్లిద్దరూ ఏళ్ల తరబడి గోడ దాటి బయటికి పోలేదు.

గేటు దాకా వచ్చిన చిన్నక్క ఆమె చెయ్యి వదలలేదు.

"అక్కా, నువ్వు తిన్నా తినకపోయినా బాంగుకు ముందే వచ్చెయ్యి. నా శుక్రవారం గూడా నీ చేతిలోనే ఉండాది."

"వస్తాలే మే. బస్సు వాళ్లు ఇంటి ముందరే దింపుతామన్నారు" అంది కళావతి.

వఫ్రా పోయే దారిలో, ఎడారిలో వేసిన గుడారంలో గుండ్లేరు వాళ్లు ఏడాదికొకసారి కలుస్తారు. కళావతికి ఇదే మొదటిసారి. బస్సు దిగి చూస్తే, మహబూలా నుంచి, ఫర్వానియా నుంచి వచ్చినవాళ్లతో గుడారం కిటకిటలాడుతోంది. ఎప్పుడో రైల్వే స్కూల్లో చూసిన ముఖాలు, ఇప్పుడు జుట్టు నెరిసి, పొట్టలు వచ్చి, ఆమెను చూసి "గ్యాంగు మేటీ కూతురు కదూ నువ్వు!" అంటుంటే ఆమెకు కళ్లు తిరిగినంత పనైంది.

బిర్యానీకి ముందు సీమోను ప్రసంగం ఆనవాయితీ. ఆయన తండ్రి ఆవిరి ఇంజన్ల డ్రైవరు. ఆయన మహబూలాలో ఏసీ మెకానిక్కు. ఊరి కథ చెప్పడంలో మాత్రం ఆయన్ను మించినవాడు లేడు.

"మన గుండ్లేటి నీళ్లు తియ్యన. ఆ నీళ్లకు బాయిలర్లో సున్నం పొర కట్టదని తెల్లదొర కనిపెట్టినాడు. అందుకే మన ఊర్లో ఇంజన్ల షెడ్డు కట్టినాడు" అని మొదలుపెట్టాడాయన.

ఆపైన అంతా అందరికీ తెలిసిందే, అయినా అందరూ నోరు తెరిచి విన్నారు. షెడ్డు సైరను కూతకు ఊరు లేచేది. రెండో కూతకు ఇళ్లలో పొయ్యి ఆరేది. దసరాకు ఇంజనుకు పసుపు పూసి కొబ్బరికాయ కొడితే చర్చి పాస్టరుగారు ముందు వరసలో నిలబడేవారు. క్రిస్మస్‌కు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో కేకు కోస్తే రామాలయం పూజారి పిల్లలు ముందు తినేవాళ్లు. బాల్ బ్యాడ్మింటన్‌లో జిల్లా మొత్తం గుండ్లేరు జట్టుకు జడిసేది. తర్వాత డీజిలు వచ్చింది. డీజిలుకు నీళ్లతో పని లేదు, షెడ్డుతో పని లేదు. పైకప్పు రేకులు విప్పుకుపోయారు. బాయిలర్ మేస్త్రీ ఒకాయన కువైట్ విమానమెక్కాడు, ఆయన వెనక ఇంటికొకరు. ఇప్పుడు ఎక్స్‌ప్రెస్సులు గుండ్లేరులో ఆగవు.

"ఆగకపోతే పోనీ, ఊరే లేచి ఈడికి వచ్చేసింది కదా!" అన్నాడు సీమోను. గుడారం చప్పట్లతో ఊగింది.

సీమోను చెప్పని సంగతి ఒకటి ఉంది. ఊరికి రెండు వైపులుండేవి. పట్టాలకు అవతల షెడ్డు వైపు. డ్రైవర్లు, ఫిట్టర్లు, గార్డులు, పెంకుటిళ్లు. ఇవతల గేటు వైపు. పట్టాలు బాగుచేసే గ్యాంగు కూలీలు, గుడిసెలు. కళావతిది గేటు వైపు. గుడారంలో ఎవరూ ఎవరినీ విడదీయలేదు, అయినా అన్నం పళ్లేలతో కూర్చున్నప్పుడు చూస్తే షెడ్డు వైపు వాళ్లు షెడ్డు వైపు వాళ్లతోనే ఉన్నారు. మనుషులు సముద్రం దాటినా ఒక రైలు గేటు ఎందుకు దాటలేరో ఆమెకు అర్థం కాలేదు. అడిగితే బాగుండదని అడగలేదు.

ఎండ పచ్చబడుతుండగా బస్సు ఎక్కారు. డ్రైవర్ అసిఫ్ పాకిస్తాన్ వాడు. మట్టిరోడ్డు చుట్టు తిరుగుడని ఇసుకలోంచి అడ్డదారి పట్టాడు. నాలుగు నిమిషాలు కూడా పోలేదు. బస్సు వెనక చక్రాలు ఒక్కసారి కుంగాయి. అసిఫ్ గట్టిగా తొక్కేకొద్దీ ఇసుక ఫౌంటెన్‌లా లేచి చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి.

"జాకీ తియ్ భాయ్" అన్నాడు సంఘం కార్యదర్శి సురేష్ బాబు.

అసిఫ్ తల గోక్కున్నాడు. "జాకీ తమ్ముడి బండిలో ఉంది భాయ్‌సాబ్."

క్రేన్ వాడికి ఫోను చేస్తే, శుక్రవారం కదా, రాత్రికి వస్తానన్నాడు. కళావతి కిటికీ దగ్గరికి జరిగింది. సూర్యుడి వంక చూసింది. ఇంకా పొద్దుంది. ఉంది గానీ బస్సు ఇప్పుడే కదిలితేనే ఎగైలా చేరుతుంది. పెంచలకోన నరసింహస్వామిని తలచుకుంది. 'సామీ, ఈ ఇసుకలో నా మాట నీకు వినపడతాందో లేదో. నా కోసరం కాదు, ఆ చిన్నక్క మొగం చూసి అయినా...'

సీమోను కూడా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ఆయన ప్రార్థన ఆయనది.

మగవాళ్లంతా దిగి వెనక నుంచి తోశారు. బస్సు ఉయ్యాలలా ఊగి అక్కడే ఉంది. అప్పుడు పెంచల్ ముందుకొచ్చాడు. ఫర్వానియాలో తాపీ పని చేస్తాడు, అతనిదీ గేటు వైపే.

"తోస్తే రాదు సామీ. పట్టా లేపినట్టు లేపాల. గుడారం గొట్టాలు తెండి, పొయ్యి రాళ్లు తెండి, వేదిక పలకలు తెండి."

గుడారం కనుచూపు మేరలోనే ఉంది. పదిమంది పరుగెత్తి ఇనుప గొట్టాలు, సిమెంటు రాళ్లు, చెక్క పలకలు మోసుకొచ్చారు. పట్టా కుంగినచోట గ్యాంగు చేసే పని ఇదే. గడ్డపారలు కింద దూర్చి, అందరూ ఒక్క ఊపులో తూగితే పట్టా బెత్తెడు లేస్తుంది. లేచిన సందులో కంకర కూరుతారు. మళ్లీ తూగుతారు. ఇక్కడ గడ్డపారలకు బదులు గొట్టాలు, వాటి కింద ఆనుకు సిమెంటు రాళ్లు, కంకరకు బదులు పలకలు.

అంతా సిద్ధమైంది. కానీ పెత్తనం చేసేవాళ్లు ఎక్కువయ్యారు. సురేష్ బాబు "వన్, టూ, త్రీ" అన్నాడు. త్రీ అనే లోపలే కుడివైపు వాళ్లు "గోవిందా!" అని తూగారు. వాళ్లు వదిలేసరికి ఎడమవైపు వాళ్లు "హల్లెలూయా!" అని తూగారు. బస్సు ఒకసారి కుడికి వంగింది, ఒకసారి ఎడమకు వంగింది. ఒక గొట్టం జారి సీమోను చెప్పు ఎగిరిపోయింది.

"నా మాట వినండప్పా!" అన్నాడు సురేష్ బాబు.

"నువ్వు షెడ్డులో నూనె పూసేటోని కొడుకువి, నీకేం తెలుసు పట్టాల సంగతి!" అన్నాడు పెంచల్.

"నీకు తెలిస్తే నువ్వే చెప్పు!"

సూర్యుడు ఇంకో జానెడు దిగాడు. కళావతికి ఇక ఆగడం సాధ్యం కాలేదు. చిన్నప్పుడు, మేటీగా గ్యాంగును నడిపే తండ్రికి సద్ది తీసుకుపోయి, అన్నం తిని లేచేదాకా గట్టు మీద కూర్చుని గ్యాంగు పనిని చూసేది. పాట ఎత్తే మేటీ గడ్డపార పట్టడు, దూరంగా నిలబడతాడు. పాటలో ఒక్కొక్కరినీ ఎగతాళి చేస్తాడు. గొడుగు కింద నిలబడిన ఇన్‌స్పెక్టరును కూడా వదలడు. గడ్డపార చేతిలో ఉన్నంతసేపు ఎవరికీ కోపం రాకూడదు, అది గ్యాంగు కట్టుబాటు. నవ్వు వచ్చిన మనిషికి బరువు తెలియదని తండ్రి అనేవాడు.

కొంగు నడుముకు చుట్టి ముందుకు నడిచింది.

"అందరూ నోర్లు మూసి గొట్టాలు పట్టుకోండి. పాట నేనెత్తుతా."

పెంచల్ మీసం మీద చెయ్యి వేశాడు. "ఆడమనిషి పాట ఎత్తేదేంది మేయ్? గ్యాంగులో యాడన్నా ఉండాదా?"

"మగోళ్లు ఎత్తితే బస్సు లేచిందా? లేసుంటే నేనెందుకు వస్తా? పట్టుకోబ్బీ!"

పెంచల్ పట్టుకున్నాడు. మిగతావాళ్లూ పట్టుకున్నారు. ఆడవాళ్లు కూడా సందు దొరికినచోట దూరారు. కళావతి బస్సుకు దూరంగా, ఎత్తుగా ఉన్న ఇసుక దిబ్బ మీద నిలబడింది. మొదటి ముక్కకు గొంతు బొంగురుపోయింది. ఏళ్లుగా ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడి మాట్లాడి అరవడం మరిచిపోయింది. గుటక వేసి మళ్లీ ఎత్తింది.

"సీమోనన్న బొజ్జ చూడు!"

"ఐలెస!" అన్నారు నలుగురైదుగురు, గేటు వైపు వాళ్లు.

"నాలుగు పళ్లేల బిర్యానీ!"

"ఐలెస!" ఈసారి షెడ్డు వైపు వాళ్లు కూడా అందుకున్నారు.

"తిన్న బలమూ యాడికి పాయె!"

"ఐలెస!"

సీమోనుకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే గొట్టం మీద ఒరిగాడు. బస్సు బెత్తెడు లేచింది.

"పలక!" అని అరిచింది కళావతి. పలక దూరింది.

"సురేష్ బాబు కోటు చూడు!"

"ఐలెస!"

"ఇస్త్రీ మడత నలగకుండా!"

"ఐలెస!"

"పెంచలబ్బీ మీసం చూడు! మీసానికేనా మగతనమూ!"

"ఐలెస!" అన్న కేకలో అందరికంటే పెద్ద గొంతు పెంచల్‌దే. ఇంకో పలక దూరింది. ఎవరు షెడ్డో ఎవరు గేటో ఇసుక ముఖాల మీద తెలియడం లేదు.

"అసిఫ్ భాయ్ జాకీ యాడా! తమ్ముడింట నిద్దరపోయె!"

తన పేరు మాత్రమే అర్థమైన అసిఫ్ స్టీరింగు దగ్గరినుంచి "ఐలెస!" అని కేక వేశాడు. చక్రాలు పలకల మీదికి వచ్చాయి.

"యల్లా అసిఫ్ భాయ్, ఇప్పుడు తొక్కు! తోయండి నాయనా, ఊరంతా తోయండి!"

ఇంజను గర్జించింది. బస్సు పలకల మీద ఎక్కి, ఒకసారి తూలి, గట్టి నేల మీదికి దూకింది. ఎడారిలో అంత పెద్ద కేక ఆ ఇసుక ఎన్నడూ విని ఉండదు. సీమోను ఒంటి చెప్పుతో గంతులు వేశాడు. పెంచల్ తలపాగా విప్పి గాలిలోకి విసిరాడు. ఎవరో కళావతిని భుజాలు పట్టి ఊపేశారు, చూస్తే సురేష్ బాబు భార్య సిల్వియా, ఆస్పత్రి నర్సు, పొద్దున ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి.

దారిలో సీమోను ఆమె ముందు సీటులో కూర్చున్నాడు. అసిఫ్ బస్సును ఎగరేస్తున్నాడు.

"కళావతమ్మా, నేను ప్రభువును అడిగితి. నువ్వెవరిని అడిగితివి?"

"మా నరసింహస్వామిని."

"మరి బస్సును లేపింది ఎవరంటావు?"

కళావతి అరచేత్తో మొహం మీది ఇసుక తుడుచుకుంది. "తెలీదన్నా. పైన వాళ్లేమన్నా పోట్లాడుకోకుండా ఒక్క పాట మీద లేపినారేమో."

సీమోను తల ఊపాడు. "వచ్చే ఏడు ఊరి కథలో మీ నాయన పేరు చెప్తా. ఇన్నేళ్లు చెప్పకపోవడం నా తప్పే" అన్నాడు.

బస్సు ఎగైలాలో ఇంటి ముందు ఆగేసరికి ఆకాశం ఎర్రబారింది. కళావతి దూకినట్టు దిగి గేటు తోసింది. లోపల మెట్ల మీద మామా నిలబడి ఉంది. ఆమె వెనక తలుపు సందులో చిన్నక్క, ముఖం పాలిపోయి ఉంది.

అప్పుడు మసీదు మైకు గరగరమంది. బాంగు మొదలైంది.

మామా కళావతిని తలనుంచి కాళ్ల దాకా చూసింది. జుట్టు నిండా ఇసుక, చీర నిండా ఇసుక, అరచేతుల నిండా ఇసుక.

"ఏంటిది?" అంది.

కళావతి ఆయాసపడుతూనే చేతులతో చక్రాలు చూపింది, గొట్టాలు చూపింది, సీమోను బొజ్జ చూపింది. మామా పెదవి బిగపట్టింది. బిగపట్టినా నవ్వు ఆగలేదు.

"ముందు స్నానం చెయ్" అని లోపలికి తిరుగుతూ చిన్నక్కతో అంది. "వచ్చే జుమ్మాకు నువ్వు వెళ్లు. ఇలాగే బాంగుకు ముందు రావాలి. యల్లా."

మామా నమాజుకు పోయింది. చిన్నక్క కళావతిని ఇసుకతో సహా కౌగిలించుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"అక్కా, నాకు ఆ గుండ్లేరోళ్లు ఎవరూ తెలీదే. నేను యాడికి పోవాల?"

"సిల్వియా అని ఒక నర్సమ్మ బస్సులో చెప్పింది, వాళ్లు వారం వారం మహబూలాలో కూడుకుంటారంట. పో. నా పేరు చెప్పు."

"నాది మీ ఊరు కాదు కదా, రానిస్తారా?"

"ఆ పాకిస్తాన్ డ్రైవరుది మా ఊరా? ఇప్పుడాయన మా వాడే" అంది కళావతి, జడ విప్పి ఇసుక దులుపుకుంటూ. "ఏం చీర కట్టుకుంటావో చూసుకో పో."

చిన్నక్క పెట్టె తెరవడానికి పరుగెత్తింది.