మూడు క్లాంపులు

ఇనుప తాడు కొసను వెనక్కి మడిచి, కొక్కెం తగిలించేందుకు ఉచ్చులా చేసి, దానికి మూడు క్లాంపులు బిగించడానికి నాకు ఏడు నిమిషాలు పడుతుంది. ఆ పని నాకు నేర్పిన మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, పది నిమిషాలు పట్టేది. మా ఆయనకు ఎంత పడుతుందో తెలియదు. పదకొండేళ్ళలో ఆయన ఒక్కటి కూడా బిగించలేదు. అయినా కామసముద్రం నుంచి ముళబాగిలు దాకా రైతులందరూ దాన్ని తిమ్మరాయప్ప కట్టిన తాడు అనే అంటారు.

ఆండర్సన్‌పేటలో మాది పాత ఇనుము అంగడి. మా ఊరి బంగారు గని సర్కారు చేతికి వచ్చాక, అక్కడ వాడేసి పక్కన పెట్టిన తాళ్ళు, గిలకలు, గొలుసులు వేలంలో పోతాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వేలానికి వెళ్ళేది మా ఆయన. లారీలోంచి దించిన సరుకును తుడిచి, ఏరి, ఏది ఎవరికి పనికొస్తుందో చూసి అమ్మేది నేను. తెల్లవారుజామున కొళాయి దగ్గర బిందె పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే నా రోజుకు పదిహేడు గంటలు. అందులో తొమ్మిది అంగడివి. ఒక యేడు రేషన్ కార్డు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా, ఈమె ఏం పని చేస్తుందని అడిగితే, "ఏమీ చెయ్యదు సార్, ఇంట్లో ఉంటాది" అన్నాడు మా ఆయన. నేను గ్రీజు చేతులతో అంగడి గడపలోనే కూర్చుని ఉన్నాను. గుమాస్తా నా చేతుల వైపు ఒకసారి చూసి, ఆయన చెప్పిందే రాసుకున్నాడు. నేనూ వేలిముద్ర కాకుండా సంతకమే చేశాను. ఎస్సెస్సెల్సీ పాసైనదాన్ని కదా.

చదువు అక్కడితో ఆగినా నాకు కుతూహలం ఆగలేదు. పోత ఇనుము పడేస్తే పగులుతుంది, ఉక్కు వంగుతుంది. ఎందుకు? చూడ్డానికి ఏ లోపమూ లేని తాడును గనివాళ్ళు మూడేళ్ళకే ఎందుకు తీసేస్తారు? మా ఆయన్ను అడిగితే, "తీసేస్తేనే కదా మనకు కూడు, నీకెందుకా యవ్వారం" అనేవాడు. అది జవాబు కాదని నాకు తెలుసు. ఇంకో జవాబు చెప్పేవాళ్ళు లేరు.

రామకృష్ణప్ప గారు అంగడికి వచ్చింది 1987 మే నెలలో. ఆయన పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు మేష్టరు. పిల్లలకు లాగి చూపించడానికి సన్న తాడు రెండు గజాలు కావాలన్నాడు, రెండు కొసలకూ ఉచ్చులు వేసి ఇవ్వమన్నాడు. ఎప్పటిలాగే బిగించి ఇచ్చాను. మా మామ పద్ధతి ఏమిటంటే, ఒక క్లాంపు ఇటు తిప్పి, రెండోది అటు తిప్పి, మూడోది మళ్ళీ ఇటు తిప్పి బిగించాలి. రెండు పక్కలా సమానంగా ఉండాలనేవాడు ఆయన. మేష్టరు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "రేపు సాయంత్రం వచ్చి చూడమ్మా. నువ్వు కట్టినదాన్నే లాగుతాము" అన్నాడు.

పాలిటెక్నిక్‌లో పాత సరుకు ఏదో అమ్ముతారట అని ఇంట్లో చెప్పి వెళ్ళాను. గదిలో ఇరవై మంది మగపిల్లలు ఉన్నారు. నిలువెత్తు యంత్రం, రెండు దవడలు, గడియారం లాంటి ముఖం, దాని మీద ఒక ముల్లు. నా తాడును దవడలకు తగిలించారు. ముల్లు కదలడం మొదలైంది. అయిదు వందల కిలోలు, వెయ్యి. ఒకటిన్నర టన్ను దగ్గర కీచుమని శబ్దం వచ్చింది. ఉచ్చు జారిపోయింది. తాడు తెగలేదు. నేను బిగించిన చోటే జారింది, అక్కడే రెండు తీగలు విరిగి పైకి లేచాయి.

అదే తాడు ఇంకో ముక్కకు మేష్టరు తన చేత్తో బిగించాడు. ఈసారి ముల్లు మూడు టన్నులు దాటిపోయింది.

నాకు సిగ్గు వేయలేదు. దాని సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది, అంతే. పిల్లలు వెళ్ళాక దగ్గరికి పోయి అడిగితే మేష్టరు విడమరిచి చెప్పాడు. క్లాంపులో ఒక వైపు గాడులున్న ఇనుప దిమ్మ ఉంటుంది, ఇంకో వైపు వంచిన కడ్డీ. కడ్డీ తాడును కొరుకుతుంది, దిమ్మ తాడును పట్టుకుంటుంది. బరువు మోసేది పొడుగు తాడు. వెనక్కి మడిచిన పొట్టి కొస ఏమీ మోయదు. కాబట్టి కడ్డీ పొట్టి కొస మీదే పడాలి, మూడు క్లాంపులకు మూడూ అట్లాగే. ఒకటి ఇటు ఒకటి అటు అంటే, బరువు మోసేదాన్నే కొరికినట్టు. పైగా మొదటిసారి బరువు ఎత్తాక నట్లను మళ్ళీ బిగించాలి. ఇంత చిన్న సంగతి. వారానికి మూడు తాళ్ళనుకున్నా, పదకొండేళ్ళకు పదిహేడు వందలు కట్టి ఉంటాను.

"మనుషులు ఎక్కే తాడు, మోసే బరువుకు పదింతలు బలంగా ఉండాలని గనిలో లెక్క. కొలిచి చూసి, తగ్గిందంటే తీసేస్తారు" అన్నాడు మేష్టరు. పదింతలు అన్న మాట నాకు కొత్తగా వినిపించింది. మా ఇంట్లో బరువు ఎత్తేటప్పుడు ఇంకెంత మిగిలి ఉందో ఎవరూ కొలవలేదు. తెగలేదు కాబట్టి ఇంకొంచెం వేయొచ్చనే లెక్క.

కొలిచి చూసేది ఎవరని అడిగాను. ఇంజనీరన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు, సాయంత్రం బేరాలు తగ్గగానే వెళ్ళి ఆయన్ను ప్రశ్నలతో వేధించాను. ఆయన పాఠాల పట్టిక చూపించాడు. సివిల్ అంటే కట్టడాలు, ఎలక్ట్రికల్ అంటే కరెంటు, మెకానికల్ అంటే యంత్రాలూ లోహాలూ. గని చదువు కూడా ఉందట, కానీ ఆడవాళ్ళను భూమిలోకి దించకూడదని చట్టం. తాడును పరీక్షించే షెడ్డు భూమి పైనే కదా అన్నాను. పైనే అన్నాడు. "అయితే అబద్ధం చెప్పనమ్మా. ఆ షెడ్డులో నేను ఆడమనిషిని చూళ్ళేదు. చదివితే ఉద్యోగం ఇస్తారో లేదో నేను చెప్పలేను." బేరంలో సరుకు లోపం ముందే చెప్పేవాణ్ణి నేను నమ్ముతాను. మెకానికల్ అని అప్పుడే ఖాయం చేసుకున్నాను.

పనిచేసుకునేవాళ్ళ కోసం సాయంకాలం డిప్లొమా ఉంది. నాలుగేళ్ళు. జూన్ ముప్పై లోపల దరఖాస్తు ఇవ్వాలి. రెండు కాగితాలు చాలు. ఒకటి మార్కుల కార్డు, అది నా పెట్టెలో ఉంది. రెండోది పనిలో పెట్టుకున్నవారి సర్టిఫికెట్టు. అంగడి లైసెన్సు మా ఆయన పేరు మీద ఉంది. అంటే నేను పనిచేస్తున్నానని ఆయన రాసివ్వాలి.

రాత్రి అన్నం పెడుతూ ఆ మాట అడిగితే, మా ఆయన ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. "పెండ్లాన్ని జీతగత్తె అని కాగితం రాసియ్యాల్నా? ఊర్లో తలెత్తుకుని తిరిగేది వద్దా నేను?" జీతం లేదు కాబట్టి జీతగత్తె అని రాయనక్కర్లేదు, పనిచేస్తుందని రాస్తే చాలన్నాను. మా అత్త చిన్నవెంకటమ్మ, మీసాలు రాని పిల్లల పక్కన ముప్పై ఒకటో యేట బెంచీ ఎక్కుతావా, నీ ఇద్దరు పిల్లలు నీకంటే ముందు పాసైపోతారు అని దెప్పింది. క్లాంపుల సంగతి చెప్పాక ఆమె ముఖం వేరేగా అయింది. "సచ్చిపోయిన మనిషి పని తప్పంటావా" అని లేచి వెళ్ళిపోయింది. ఆమె బాధ వేరే.

అప్పటికే నా మనసులో బచ్చప్ప బావి తిరుగుతోంది. బచ్చప్పది కామసముద్రం. వానలు లేక బావి లోతు చేయిస్తున్నాడు. లోపల పగలగొట్టిన రాళ్ళను తొట్టిలో నింపి, నేను కట్టిన తాడుతోనే పైకి లాగుతున్నారు. తొట్టి అరటన్ను ఉంటుంది. అదీ ఆ సన్న రకం తాడే, నా ఉచ్చుతో దానికి దక్కేది ఒకటిన్నర టన్ను. పదింతలు కాదు, మూడింతలే. కుదుపు పడితే అదీ ఉండదు. కింద మనుషులు నిలబడి ఉంటారు.

వెళ్ళి బచ్చప్పకు చెప్పి వస్తానని మా ఆయనతో అన్నాను. మూడో రోజు తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన కూడా వ్యాపారే, నేను ఏమి కోరుకుంటున్నానో ఆయనకు బాగా తెలుసు.

"ఇంగమీద సరిగ్గా బిగించు, వద్దన్ను. పాతవి మర్చిపో. ఒకడికి చెప్తే వందమంది గలాటాకు వస్తారు. నోరు మూసుకుని ఉంటానంటే కాగితం ఈ పొద్దే రాసిస్తా."

సరే అన్నాను. ఆయన అంగడి పేరు అచ్చువేసిన కాగితం తీసి రాశాడు. 'గురువమ్మ మా అంగడిలో పదకొండు సంవత్సరాలుగా పనిచేయుచున్నది.' కింద సంతకం, ముద్ర. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నేను చేసినదాన్ని పని అని ఎవరైనా రాయడం అదే మొదటిసారి. చీరల మధ్య పెట్టి, మళ్ళీ తీసి చదివాను. ముప్పయ్యో తేదీకి ఇంకా నాలుగు రోజులున్నాయి.

మరుసటి ఉదయం అంగడి తెరిచి ఒక తాడు బిగించాను, మూడు క్లాంపులూ ఒకే వైపు. చేయి సులువుగానే తిరిగింది. నేర్చుకోవడం ఇంత తేలిక అయితే ఆ తేలికను నా దగ్గరే దాచుకుని ఏం చేస్తాను అనిపించింది. ఆ కాగితంతో పాలిటెక్నిక్ లోపలికి వెళ్ళి తాళ్ళను పరీక్షించడం నేర్చుకుంటాను, పరీక్షలో పోయిన తాడును బావి మీద వేలాడనిస్తాను. ఆ రెండూ కలిపి ఎట్లా చూసినా నాకు గిట్టలేదు. కాగితం తెచ్చి మా ఆయన కూర్చునే బల్ల మీద, ఆయన కళ్ళెదుటే పెట్టాను. బేరం తప్పేది నేను, కాబట్టి సరుకు తిరిగి ఇచ్చేశాను. స్పానర్లు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

బావి దగ్గర తొట్టి సగం దూరం పైకి వచ్చి ఉంది. కింద ఎనిమిది మంది. వాళ్ళలో బచ్చప్ప కోడలు కూడా ఉంది, తలమీద బట్ట చుట్టుకుని రాళ్ళు ఎత్తుతోంది. తొట్టి పైకి రాగానే ఆపమన్నాను. ఉచ్చు దగ్గర తాడును బచ్చప్పకు చూపించాను. కడ్డీ కొరికిన చోట మూడు తీగలు తెగి ముళ్ళలా నిలబడ్డాయి.

"మీ మామ కాలంనించి ఇట్లే కదమ్మా కట్టేది" అన్నాడు బచ్చప్ప.

"అది తప్పన్నా. నాకు మొన్ననే తెలిసింది."

"అయితే ఇన్నాళ్ళూ తిమ్మరాయప్ప మాకు తప్పు తాళ్ళు అమ్మినాడా?"

అవునని తల ఊపితే సరిపోయేది. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఆయన కట్టింది కాదన్నా. అన్నీ నేను కట్టినాను. తప్పు నాది."

బచ్చప్ప నన్ను కొత్తగా చూశాడు. "నువ్వా? మేము ఆయన పేరు చెప్పుకుంటా ఉండామే" అన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా కొంచెం. పాడైన కొస కోసేసి కొత్తగా ఉచ్చు వేశాను. తొట్టి ఇకపై సగమే నింపమన్నాను, ఎత్తేటప్పుడు కింద ఎవరూ నిలబడొద్దన్నాను. సగం నింపితే పని రెండింతలవుతుందని కూలీలు గొణిగారు. ఒక ఎత్తు ఎత్తించి, దించి, నట్లు మళ్ళీ బిగించాను. అరచుట్టు తిరిగాయి. కోడలు పైకొచ్చి నా పక్కనే కూర్చుని అంతా చూసింది. "ఇదంతా యాడ చెప్తారక్కా? ఆడోళ్ళకు చెప్తారా?" అని అడిగింది. చెప్తారో లేదో చూస్తున్నానన్నాను.

"ఇంగో నాలుగు బావులుండాయి మా ఊర్లో. చూసే పో" అన్నాడు బచ్చప్ప. నాలుగూ చూశాను. నాలుగు చోట్లా, తప్పుగా కట్టింది నేనే అని చెప్పాను. చెప్పేకొద్దీ అది తప్పు ఒప్పుకోవడంలా కాక, చేసిన పనులు ఒక్కొక్కటీ నా పేరు మీదికి తిరిగి తీసుకోవడంలా తోచింది.

సాయంత్రానికి వెళ్ళేసరికి బల్ల మీద కాగితం లేదు. మా ఆయన చించలేదు, దాచాడు. దాన్ని నేను తిరిగి అడగలేదు. వారంలో ఇద్దరు వచ్చి గొడవ చేశారు, పదిమంది తాళ్ళు తెచ్చి మళ్ళీ కట్టించుకున్నారు. పదిమందీ నన్ను పేరు పెట్టి అడిగారు. అది మా ఆయనకు గొడవకంటే ఎక్కువ కష్టమైంది.

ముప్పయ్యో తేదీ దాటిపోయింది. రామకృష్ణప్ప గారు, సొంత వ్యాపారం ఉన్నవాళ్ళకు ఆ సర్టిఫికెట్టు అక్కర్లేదు, తమ పేరున ఉన్న లైసెన్సు చూపిస్తే చాలు, వచ్చే జూన్‌లో రా అన్నాడు. అప్పటిదాకా వర్క్‌షాపు తలుపు దగ్గర నిలబడి వింటే ఎవరూ వద్దనరట.

జూలైలో మునిసిపాలిటీకి వెళ్ళి వ్యాపారం లైసెన్సుకు దరఖాస్తు కాగితం తెచ్చుకున్నాను. వ్యాపారం ఏమిటన్న చోట, ఇనుప తాళ్ళకు ఉచ్చులు కట్టుట, పాత తాళ్ళు చూచి చెప్పుట అని రాశాను. దాని కింద భర్త పేరుకు ఒక గీత, సొంతదారు పేరుకు ఇంకో గీత వేరువేరుగా ఉన్నాయి. మొదటి గీత మీద తిమ్మరాయప్ప అని రాశాను, అది నిజమే. రెండో గీత దగ్గర గుమాస్తా, అక్కడా ఆయన పేరే రాయాలమ్మా అన్నాడు. వద్దు సార్ అని, గురువమ్మ అని రాశాను.