ఎడమచెవికి పాట, కుడిచెవికి రోడ్డు

ఉతికిన తువ్వాలును రెండు మూలలా పట్టుకుని గాలిలో ఒక్క విదిలింపు విదిలిస్తే టపాకాయ పేలినట్టు చప్పుడు రావాలి. రాలేదంటే దాంట్లో ఇంకా నీళ్ళున్నాయన్నమాట. తువ్వాళ్ళ బాబాయ్ ఇరవైరెండేళ్ళుగా ఆ చప్పుడు వింటూనే పని చేస్తున్నాడు. ఆ వేళ కూడా వీధి దీపాలు ఆరకముందే జిమ్ము వెనక వరండాలో ముప్ఫయ్యారు తువ్వాళ్ళు విదిలించి తీగ మీద వేశాడు. ముప్ఫయ్యేడోది చేతిలో ఉండగా నడుము మీద చెయ్యి వేసుకుని కాస్త ఆగాడు.

బక్కపల్చటి మనిషి. అరవై దాటాయి. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి, ఇక అవి సాపు కావు. చుట్టూ కండలు తిరిగిన మనుషులు ఇనుము ఎత్తి దించుతుంటే మధ్యలో తడిగుడ్డ పట్టుకుని పిల్లిలా తిరుగుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అతను మోసే తడి తువ్వాళ్ళ బరువు లెక్కేస్తే ఆ కండల వాళ్ళు సిగ్గుపడాలి. లెక్కేసేవాళ్ళు లేరు, అతనికీ ఆ ధ్యాస లేదు.

మెషీన్‌లో వేసేముందు ప్రతి తువ్వాలునూ ఒళ్ళంతా తడిమి చూడటం అతని అలవాటు. దానికో కథ ఉంది. చేరిన కొత్తలో బ్యాంకులో పనిచేసే ఒకాయన తన పాటల డబ్బీని తువ్వాల్లో చుట్టి మర్చిపోయాడు. బాబాయ్ చూసుకోకుండా సబ్బునీళ్ళలో గిర్రున తిప్పేశాడు. ఆ బ్యాంకాయన రిటైరై కూడా ఏళ్ళయింది గానీ, ఇప్పటికీ గుమ్మంలో అడుగుపెడుతూనే, "ఏమయ్యా, నా పాటలన్నీ ఉతికి ఆరేశావు, ఒక్కటైనా ఎండిందా?" అంటాడు. "ఇంకా చెమ్మగానే ఉన్నాయండీ," అంటాడు బాబాయ్. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

ఆనాటి నుంచి జిమ్ములో ఎవరు ఏ ప్లేయరు మర్చిపోయినా అతని చేతికే వస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, తీగను రెండువేళ్ళ మీద ఎనిమిది అంకెలా చుట్టి, డబ్బాలో పెడతాడు. పెట్టేముందు ఇంకో పని కూడా చేస్తాడు. డబ్బీకి క్లిప్పు ఉంటే దాన్ని తడి తువ్వాలుకి తగిలించి ఓ విదిలింపు విదిలిస్తాడు, కింద రెండో చెయ్యి దోసిలి పట్టి. ఊడిందా, సొంతదారు రాగానే, "అమ్మా, ఇది పరుగెత్తేటప్పుడు పెట్టుకోకు, జారిపోతుంది," అని చెప్పేస్తాడు. ఏది చెమటకి చస్తుందో, ఏది రెండు గంటలకే నిద్రపోతుందో, దేని బొత్తాలు తడివేలికి పలకవో, అన్నీ అతనికి తెలుసు. తనకంటూ ఒకటి కొనుక్కోవాలని మటుకు ఎన్నడూ అనుకోలేదు. ఈ రోజు కొనాలి. భార్య కోసం.

ఆవిడని వీధిలో అందరూ మిషనక్క అంటారు. ముప్ఫయ్యేళ్ళు తొక్కుడు మిషను మీద బట్టలు కుట్టింది. ఐదు నెలల కిందట ఒక పొద్దున్న మిషను దగ్గరే పక్కకి ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ మాత్రం చెప్పినట్టు వినడం మానేశాయి. మాట దక్కింది కదా అని మొగుడు సంబరపడుతుంటే, "మాట నాకు దక్కింది, దెప్పులు మీకు తప్పలేదు," అని ఆసుపత్రి మంచం మీదే చురక వేసిన మనిషి ఆవిడ.

కాలు సాధన చేయించడానికి సోమవారం సోమవారం ఇంటికొచ్చే డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "రోజూ నలభై నిమిషాలు నడవాలి. ఈ రెండు మూడు నెలల్లో నడిస్తే కాలు తిరిగొస్తుంది. ఇప్పుడు కూర్చుండిపోయారంటే ఇంతే."

నడిపించడానికి బాబాయ్ ఒక ఉపాయం పన్నాడు. జిమ్ములో అంచులు పోయి పక్కన పడేసిన తువ్వాలును ఆవిడ నడుముకి చుట్టి, వెనక తోకలా వదిలి, ఆ కొస పట్టుకుని నడిచేవాడు. తూలితే పైకి లాగి నిలబెట్టేవాడు. ముడి మాత్రం గట్టిది కాదు, తువ్వాళ్ళ మూటలకి వేసేదే, ఒక్క లాగుకి విడిపోతుంది. "నన్ను సంతకి తోలుకుపోతున్నారా ఏమిటి," అనేది ఆవిడ. అంటూనే నడిచేది. మలుపు దగ్గర కరెంటు స్తంభం దాకా వెళ్ళి ఆగిపోయేది. తొంభై అడుగులు, అంతే.

ఎందుకు ఆగిపోతుందో అతనికి మొదట్లో అర్థం కాలేదు. అలుపు కాదు, నొప్పి కూడా కాదు. ఒకరోజు ఆవిడే చెప్పింది, స్తంభాన్ని పట్టుకుని, తల తిప్పుకుని. "జర్రుమంటోందండీ. నా కాలే. ఆ ఈడ్పు చప్పుడు వినబడుతుంటే గుండె జారిపోతోంది. ఇదేనా నేను అనిపిస్తోంది."

ఆ మాట విన్నాక అతనికి జిమ్ములో పరుగు బెల్టు గుర్తొచ్చింది. చెవిలో పాట ఉన్నంతసేపూ మనుషులు దాని మీద గుర్రాల్లా పరుగెత్తుతారు. ప్లేయరు ఆగిపోయిన రోజున నాలుగు నిమిషాలకే దిగిపోతారు. అదే మనిషి, అదే బెల్టు. తన ఆయాసం తన చెవిన పడేసరికి కాళ్ళు కట్టేసినట్టయిపోతాయి. ఇరవైరెండేళ్ళుగా చూస్తున్న సంగతే, ఇలా అక్కరకొస్తుందనుకోలేదు.

కిందటి వారం జిమ్ములో అందరికీ కసరత్తు నేర్పే కోచమ్మ తన తీగలేని ఇయర్‌ఫోను జత అరువిచ్చింది. సగం దూరం పోయాక ఒకటి మిషనక్క చెవిలోంచి జారి, దొర్లుకుంటూ కాలవ అంచుకి పోయింది. ఆవిడ వంగలేదు, వంగలేక అలాగే నిలబడిపోయింది. బాబాయ్ తీసి చేతికిస్తే తీసుకోలేదు. "ఇంటికి పోదాం పదండి," అంది. అంతే, నాలుగు రోజులుగా గుమ్మం దిగలేదు. ముసుగేసిన కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని వీధి చూస్తోంది. ఆ నాలుగు రోజులూ బాబాయికి నాలుగు మేకులు దిగినట్టుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ కోచమ్మ, బ్యాంకాయన ఇద్దరూ అతన్ని చుట్టుముట్టారు.

"బాబాయ్, గడియారంలాంటిది తీసుకో. చేతికి పెట్టుకుంటే పాటలు, అడుగులు, గుండె, అన్నీ చూపిస్తుంది," అంది కోచమ్మ.

"అడుగులు లెక్కపెడితే ఏడుస్తుందమ్మా," అన్నాడు బాబాయ్. "ఎన్ని వేసిందో ఆవిడకి తెలీకూడదు."

"ఫోనులో పెట్టెయ్యవయ్యా, గొడవొదిలిపోతుంది," అన్నాడు బ్యాంకాయన.

"ఫోనుంటే మధ్యలో వాళ్ళ చెల్లెలు చేస్తుందండీ. ఆవిడ చేసిందంటే నడకా లేదు, వంటా లేదు."

బ్యాంకాయన నవ్వి, "నా డబ్బీలాంటిది కొనకు, ఉతికినా పాడేది కొను," అంటూ బరువులవైపు పోయాడు.

ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు రెండు వీధుల అవతలే. గాజుపెట్టె వెనకాల అమ్మాయి వరసగా నాలుగు డబ్బీలు తీసి పరిచింది. మూడు అద్దంలా మెరిసేవి, వేలితో తాకితే వెలిగేవి. బాబాయ్ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి చేతి బొటనవేలితో తడిమాడు. తర్వాత క్లిప్పును ఆ ఒక్క చేత్తోనే తెరిచి చొక్కా పట్టీకి తగిలించబోయాడు. మూడు ఓడిపోయాయి.

"ఏం వెతుకుతున్నారంకుల్?" అంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

"బొత్తాం ఎక్కడుందో. చూడకుండా దొరకాలి కదమ్మా."

నాలుగోది పాతరకంది. చిన్న సబ్బుముక్కంత, బూడిదరంగు. మీద ఉబ్బెత్తు బొత్తాలు, పక్కన బట్టలు ఆరేసే క్లిప్పులాంటి గట్టి క్లిప్పు. తీగ ఉన్న ఇయర్‌ఫోను.

"అది ఎవరూ కొనట్లేదంకుల్, తీగుంది," అంది అమ్మాయి.

"తీగుంటే ఊడినా మెడలోనే వేలాడుతుంది. మా ఆవిడ వంగలేదు," అన్నాడు. తరవాత, "పాటల వరస మార్చేస్తుందా, పెట్టినట్టే పాడుతుందా?" అని అడిగాడు. పెట్టినట్టే పాడుతుందంది. ఆఖరికి మోమాటపడుతూ చంకలోని సంచిలోంచి తడి తువ్వాలు తీశాడు. క్లిప్పు తగిలించి కొట్టు మధ్యలో ఓ విదిలింపు విదిలించాడు. కొట్లో వాళ్ళందరూ తిరిగి చూశారు. డబ్బీ కదల్లేదు. "ఇదే కట్టమ్మా," అన్నాడు.

జిమ్ముకి తిరిగొచ్చాక కోచమ్మ పాటలు ఎక్కిద్దామని తన కంప్యూటరు దగ్గర కూర్చుంది. ఆమె దగ్గరున్నవన్నీ ధన్‌ధన్‌మని గోడలు అదిరేవి.

"వద్దు తల్లీ, వెనకాల ఎవరో తరుముతున్నట్టుంటుంది," అన్నాడు బాబాయ్. కుర్చీ లాక్కుని కూర్చుని, కాళ్ళు రెండూ నేలకానించి, మడమా మునివేళ్ళూ, మడమా మునివేళ్ళూ కదిపాడు. "ఇదిగో, ఈ నడకకి కలిసే పాటలు కావాలి."

"ఇదేం తాళం బాబాయ్?"

"మా ఆవిడ మిషను తొక్కే తాళం. పొడుగు కుట్టు వేసేటప్పుడు."

ముప్ఫయ్యేళ్ళ సాయంత్రాలు ఆ మిషనుకి ఎదురుగా కూర్చుని హుక్కులు కుట్టినవాడు. ఆవిడ ఏ కూనిరాగానికి ఎలా తొక్కుతుందో, మెడ చుట్టు కుట్టేటప్పుడు ఎక్కడ నెమ్మదిస్తుందో, ఒంటికి పట్టిపోయింది. ఒక్కో పాటా తనే కూనిరాగం తీసి చూపించాడు. గొంతు బాగోదు, శ్రుతి అసలే లేదు. కోచమ్మ పెదాలు కొరుక్కుంటూ వెతికి వెతికి పది పాటలు ఎక్కించింది. అన్నీ కలిపి నలభై నిమిషాలు. ఏది ముందో, ఏది వెనకో అతనే చెప్పాడు. స్తంభం వచ్చేచోటికి ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైన పాట పడాలి.

సాయంత్రం ఇంటికెళ్ళి డబ్బీని ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"మళ్ళీ తెచ్చారా," అంది, అటు చూడకుండానే.

"చూడు ముందు. తీగుంది, ఎక్కడికీ పోదు."

కాసేపటికి కుడిచెయ్యి దాని మీదికి వచ్చింది. బొటనవేలు ఉబ్బెత్తు బొత్తాం మీద ఆగింది. మెడపట్టీకి తనే తగిలించుకుంది, ఒక్క చేత్తో. ఎడమచెవికే పెట్టాడతను. "కుడిచెవి రోడ్డుకి వదిలెయ్యి. హారను వినబడాలి," అన్నాడు. పాట మొదలైంది. బాబాయ్ ఆవిడ కాళ్ళే చూస్తున్నాడు. ముందు కుడి పాదం కదిలింది, మడమా మునివేళ్ళూ. తరవాత ఎడమది కూడా, లేచీ లేవకుండా, సన్నగా.

"ఇవి మీకెవరు చెప్పారు?" అంది.

"నువ్వే. ముప్ఫయ్యేళ్ళు చెప్పావు."

ఆవిడ చెయ్యి చాచింది. నడుముకి తువ్వాలు చుట్టి, మూట ముడి వేసి, కొస పట్టుకుని వీధిలోకి దింపాడు.

జర్రు. జర్రు. కాలు ఈడుస్తూనే ఉంది. ఆవిడ తల మటుకు పైకెత్తి ఉంది. గేట్లు దాటాయి, ఆపి ఉంచిన సైకిళ్ళు దాటాయి, స్తంభం వచ్చింది. బాబాయ్ అలవాటుగా ఆగబోయాడు. ఆవిడ ఆగలేదు. అప్పుడు చూసుకున్నాడు తన చేతిలో తువ్వాలు వదులుగా వేలాడుతోందని. ఎంతసేపటి నుంచో దాన్ని లాగే పనే పడలేదు.

"ఏమండీ," అంది ఆవిడ. చెవిలో పాట పెట్టుకున్నవాళ్ళకి తాము ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలీదు కదా, వీధి వీధంతా వినబడింది. "చప్పుడు వినబడుతూనే ఉందండీ. కానీ నా కాలిదనిపించట్లేదు. ఎవరో పక్కన నడుస్తూ తాళం వేస్తున్నట్టుంది."

"మెల్లిగా చెప్పు, అందరూ వింటున్నారు."

"వింటే విననివ్వండి," అని ఇంకా గట్టిగా అని, కుడిచెయ్యి వెనక్కి పోనిచ్చి ముడి కొస దొరకబుచ్చుకుంది. ఒక్క లాగు లాగింది. తువ్వాలు జారి అతని చేతిలోకొచ్చింది.

"మీరింటికి పోయి టీ పెట్టండి. పాటలయ్యేసరికి వస్తా."

వెంట వెళ్ళడానికి అడుగు వేశాడు. ఆవిడ తిరిగి చూడలేదు. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. మలుపు తిరుగుతుంటే ఒక భుజం కిందికీ ఒక భుజం పైకీ ఊగుతూ ఆవిడ వీపు కనబడింది, తరవాత గోడ అడ్డమొచ్చింది. జర్రు జర్రు ఇంకా వినబడుతోంది. ఆ చప్పుడు కోసం ఇంతగా చెవులు రిక్కించుకోవలసి వస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఒక సైకిలు బెల్లు మోగాక ఇక లేదు.

ఇంటికొచ్చి, తువ్వాలును గేటు మీద వేసి, టీ గిన్నె పొయ్యి మీద పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. మూడో పాటో, నాలుగో పాటో కూనిరాగం తీస్తున్నాడు, మళ్ళీ శ్రుతి లేకుండానే.

బయట గేటు మీద అంచుల్లేని ఆ పాత తువ్వాలు గాలికి కొంచెం కొంచెం ఊగుతోంది, ముడి పడ్డచోట మడత ఇంకా సాపు కాలేదు.