అబూ ఫర్వాకు వేసిన కుర్చీ

చలికాలం వచ్చిందంటే ఈ అరబ్బు దేశంలో, మేముండే జాబ్రియా ఇళ్లలో ఒక పిచ్చి మొదలవుతుంది. పెరట్లో దువ్వా పెట్టాలి, అంటే బొగ్గుల కుంపటి. చుట్టూ తివాచీలు పరవాలి. నిప్పుల మీద కస్తనా కాల్చాలి. ఇంగ్లీషులో చెస్ట్‌నట్ అంటారట. పనసగింజకు ఉబ్బు రోగం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తింటే ఉడకేసిన చిలగడదుంపలో తీపి తీసేసినట్టుంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మా రాజంపేట దిక్కున చింతగింజలు వేయించుకుని దవడలు నొప్పి పుట్టేదాకా నమిలేవాళ్లం. ఆ రుచిలో సగం లేదు దీనికి. అయినా వీళ్లు కళ్లు మూసుకుని మరీ తింటారు.

పద్నాలుగేళ్లుగా ఈ ఇంట్లో వాటిని కాల్చేది నేనే. పేరు చిన్నక్క అయినా వంటింట్లో పెద్దదాన్ని.

ఈ ఏడు మాత్రం నాకు సెలవు కావాలి. నా కూతురు చంద్రికకు వచ్చే నెల తొలి కాన్పు. దానికి అత్త లేదు. నేను పోకపోతే పథ్యం వండిపెట్టే ఆడదిక్కు లేదు. మామాను, అంటే మా యజమానురాలిని, రెండు నెలలు అడిగాను. "నువ్వు పోతే వంటిల్లు ఎవరు చూస్తారు?" అంది. ఆ మాట ఆమెకు ఊరికే పుట్టలేదు. ఇన్నేళ్లుగా ఆమె చెవిలో పోసింది నేనే. ఎంతమంది పనివాళ్లు వచ్చినా, ఒక్కొక్కరినీ చూపించి 'దీనికేం రాదు మామా' అని చెప్పాను. అబద్ధమా? ఎవరికీ ఏమీ రాదు. చివరికి నా నోరే నాకు అడ్డం పడింది.

నెలరోజులు వెంటపడితే మామా ఒక షరతు పెట్టింది. శుక్రవారం రుమైథియా నుంచి వాళ్ల అత్త వస్తుంది. ఆమెను మేం పెద్దమామా అంటాం. ఆ రోజు కస్తనా పని మొత్తం కొత్తగా వచ్చిన ముబీనా చేయాలి. పెద్దమామా మూతి ముడవకుండా తింటే నాకు సెలవు. లేకపోతే లేదు.

ముబీనాది రాయచోటి. ముప్ఫై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. వచ్చి మూడు వారాలైంది. ఉల్లిపాయ కోస్తే అది ఏడుస్తుందో ఉల్లిపాయ ఏడుస్తుందో తెలియదు. అరబ్బీ ఒక్క ముక్క రాదు. కాకపోతే చిన్నప్పుడు ఖురాన్ చదవడం నేర్చుకుందట, అక్షరాలు మాత్రం గడగడా చదివేస్తుంది. అర్థం అడిగితే దిక్కులు చూస్తుంది. నాకు అక్షరం రాదు, మాట వచ్చు. మాట వచ్చినవాళ్లకు అక్షరంతో ఏం పని?

గురువారం కూర్చోబెట్టి నేర్పాను.

"నీళ్లల్లో ఎయ్. తేలినయ్యి పారెయ్, పుచ్చుంటాయి. మునిగిన దాని బుగ్గ మింద కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టు."

"ఎందుకక్కా?"

"పెట్టకుంటే టపాకాయ మాదిరి పేల్తాది. పెద్దమామా కంట్లో పడిందంటే నువ్వు గూడ నాతోనే ఇమానం ఎక్కుతావు."

గాటు పెట్టాక అరగంట నానబెట్టాలి. గాటు పైకి ఉండేలా పెనం మీద పరిచి, పెదవి విచ్చుకునేదాకా కాల్చాలి. దించగానే మందపాటి గుడ్డలో మూటకట్టి పది నిమిషాలు ఉంచితే పెంకూ లోపొరా కలిసి ఊడివస్తాయి. చల్లారితే ఆ లోపొర దేవుడొచ్చినా రాదు. అన్నిటికీ 'సరేక్కా' అంది. సరే అనడం ఒక్కటే దానికి బాగా వచ్చు.

శుక్రవారం పొద్దున పెద్దమామా ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. ఆమె పుట్టిల్లు రియాద్. పోయిన వేసవిదాకా అక్కడే కూతురి దగ్గర ఉండేది. యాస కొంచెం వేరు, అయినా నాకొక లెక్కా?

"సాయంత్రం దువ్వా దగ్గర అబూ ఫర్వా ఉండాలి. చల్లబడనివ్వకు. గుడ్డ కప్పి ఉంచు. కిందటి వారం చిన్నకొడుకు ఇంట్లో సరిగ్గా చూసుకోలేదు, నా ప్రాణం ఉసూరుమంది," అని పెట్టేసింది.

ఇక్కడ ప్రతి మగవాడూ అబూ ఎవరో ఒకరు. అబూ అంటే తండ్రి. ఫర్వా అంటే లోపల గొర్రె ఉన్ని పెట్టి కుట్టిన చలికాలపు పొడుగు అంగీ. అంటే ఎవరో ముసలాయన, జబ్బు మనిషి, చలికి ఆ అంగీ విడవడు, అందుకే ఆ పేరు. కిందటి వారం ఎవరో ఆయన్ని చలిలో కూర్చోబెట్టి ఉంటారు. బుద్ధి లేనివాళ్లు. ఈ ఇంట్లో నేనుండగా అలా జరుగుతుందా? ఆయన్ని బాగా చూసుకుంటే పెద్దమామా మూతి ముడవదు, కస్తనా లేకున్నా నా సెలవుకు ఢోకా లేదు.

"మే ముబీనా, కస్తనా తీసి ఫ్రిజ్జులో పెట్టెయ్. అబూ ఫర్వా అని పెద్దమనిషి వస్తాండాడు. జబ్బాయప్పకు అవి పెడితే కడుపుబ్బి మన పానం తీస్తాడు. నేను సూపు చేస్తా."

దువ్వా పక్కన దిండ్లేసి కుర్చీ వేశాను. బాబా, అంటే మామా మొగుడు, వేసుకునే ఫర్వా తెచ్చి దాని మీద పరిచాను. కాళ్ల మీదికి కంబళి పెట్టాను. అప్పుడొచ్చింది ముబీనా, కస్తనా సంచి చేత్తో పట్టుకుని.

"అక్కా, ఈ సంచి మింద గూడ అదే రాసుండాది. అలిఫ్, బే, వావ్... అబూ ఫర్వా."

"అది అంగడాయప్ప పేరు మే! మీ రాయచోటిలో గోలీసోడా మింద సేటు పేరు ఉండదా? చదువొచ్చిందని నాకే పాఠం చెప్తాండావే!"

అది సంచినీ నన్నూ చూసింది. "సరేక్కా," అని లోపలికి పోయింది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక అందరూ పెరట్లో చేరారు. పెద్దమామా దువ్వా దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ, "అబూ ఫర్వా ఎక్కడ?" అంది.

"ఇంకా రాలేదు మామా," అన్నాను చేతులు కట్టుకుని. "కుర్చీ వేసి పెట్టాను. సూపు కూడా వేడిగా ఉంది."

ఆమె కుర్చీని చూసింది. ఫర్వాను చూసింది. కంబళిని చూసింది.

"ఎవరు రాలేదు?"

"అబూ ఫర్వా గారు."

ముందు బాబా నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుంది. పిల్లలు ఖాళీ కుర్చీకి సలాం చెప్పడం మొదలుపెట్టారు. మామా మాత్రం నవ్వలేదు.

"కస్తనానే రియాద్ వాళ్లు అబూ ఫర్వా అంటారు. పద్నాలుగేళ్లు, చిన్నక్కా! కస్తనా ఏది?"

అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే, ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందట. నవ్వితే నవ్వనీ, ఆ సిగ్గు మింగేయగలను. సెలవు పోయింది. నొప్పులు పడుతూ చంద్రిక నన్ను పిలుస్తుంది, నేను ఇక్కడ వీళ్ల ఎంగిలి గిన్నెలు కడుగుతూ ఉంటాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. ముబీనా పళ్లెం పట్టుకుని వచ్చింది. పళ్లెంలో గుడ్డమూట, మూటలోంచి ఆవిరి. విప్పి పెద్దమామా ముందు పెట్టింది. ఒక్కటీ పేలలేదు, ఒక్కటీ మాడలేదు. నేను వద్దన్నాక పొయ్యి మీద చప్పుడు లేకుండా కాల్చిందన్నమాట, దొంగమొహంది.

పెద్దమామా ఒకటి నొక్కింది. పెంకూ పొరా కలిసి రెండు చెక్కలై ఊడింది. తినింది. ఇంకోటి తీసుకుంది. "ఎవరు నేర్పారు?" అని అడిగింది. ముబీనాకు ఆ మాత్రం ఎలా అర్థమైందో గానీ, నా వైపు చెయ్యి చూపింది.

"చిన్నక్క."

"ఖలాస్, ఈ పిల్ల చాలు," అంది పెద్దమామా కోడలితో.

మామా నా వైపు తిరిగింది. ముఖంలో కోపం పోయింది. "సరే, పో చిన్నక్కా. ఈ వారమే పో."

నా ప్రాణం లేచి వచ్చింది. "రెండు నెలలకు వచ్చేస్తా మామా."

"తొందరేం లేదు. నీకూ వయసైంది, మనవళ్లతో ఉండు. ముబీనా ఉందిగా," అంది, ఇంకో కస్తనా ఒలుచుకుంటూ. "యల్లా, ఇంకొన్ని తీసుకురమ్మను."

అంతే. పద్నాలుగేళ్లు. మూడో కస్తనా మింగేలోపు తేలిపోయింది. నేను అడిగిందే ఇచ్చారు, ఎవరినని తిట్టను? తిట్టుకున్నాను, అందరినీ. ఆ కస్తనాను, రియాద్‌ను, గాటు పెట్టడం నేర్పిన నా చేతిని.

లోపలికెళ్లి పెనం తోమడం మొదలుపెట్టాను. ముబీనా వచ్చి పక్కన నిలబడింది.

"కోపమా అక్కా?"

"నీ మొగానికి కోపం గూడనా? వద్దంటే ఎందుకు కాల్చినావు?"

"అవి తినకుంటే నిన్ను పంపరు గదక్కా. చంద్రికమ్మకు నెలలు నిండొస్తాండాయంటివి."

పెనం మీద మసి వదలడం లేదు. గట్టిగా రుద్దాను. కళ్లలో నీళ్లొచ్చాయి, ఒళ్లు మండి వచ్చాయి.

"మళ్లా ఎప్పుడొస్తావక్కా?" అంది.

ఆ ఇంట్లో ఆ మాట అడిగింది అదొక్కతే. ఉప్పు ఎంతెయ్యాలని అడిగినా, మామా బీపీ మాత్ర ఎప్పుడని అడిగినా, ఏదడిగినా కసురుతూనే జవాబు చెప్పేదాన్ని. కసరడానికే నోరు తెరిచాను.

"తెలీదు మే," అన్నాను.