కుక్కరు వైరు

మా ఇంటాయన బాలకృష్ణయ్యకు చెవుల మీద గర్వం కొత్తగా వచ్చింది. అంతకు ముందు ఆయన గర్వమంతా వేళ్ళలోనే ఉండేది. ఆదోని మార్కెట్ యార్డులో చిటికెడు పత్తి తీసుకుని, రెండు బొటనవేళ్ళ మధ్య లాగి, పింజ పొడవు ఎంతో చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు ఆ మాటకు తిరుగులేదు. రెండేళ్ళ కిందట కొనేవాళ్ళు పింజ కొలిచే మిషన్ రిపోర్టు అడగడం మొదలుపెట్టారు. ఈయన లాగి చూపిస్తే, "అట్లే శెట్టీ, అయినా ఒకసారి మిషన్లో పెడదాం" అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఈయనకు గుచ్చుకుంది. ఇంటికొచ్చి అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఆ రోజుల్లో ఆయన్ను నిలబెట్టింది హాల్లో ఉన్న పాటల పెట్టె. సాయంత్రం ఆరు కాగానే దాసర పదాలు, ఆ కన్నడ భక్తి పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అంతలో ఎమ్మిగనూరు హైస్కూలు అయ్యవారు మధుసూదన్, ఈయన చిన్ననాటి స్నేహితుడు, ఒక వీడియో పంపాడు. పెట్టెకు పెట్టే కరెంటు వైరు మారిస్తే పాటే మారిపోతుందట! అయ్యవారు వీడియో పంపి ఊరుకున్నాడు. మా ఆయన ఊరుకోలేదు. ఒక ఫ్రిజ్జు ఖరీదు పెట్టి వైరు తెప్పించాడు. బొటనవేలంత లావు, పైన జడ అల్లినట్టు నల్లదారం అల్లిక.

"స్తంభం నుంచి ఇంటిదాకా వచ్చేది మామూలు తీగేగదా. ఆఖర్లో ఈ రెండు గజాలు ఏం ఉద్ధరిస్తాదండీ?" అన్నాను.

"నీకు తెల్దులేవే. ఆ తంబూర ఇను. ఎంత నిమ్మళంగుందో!"

నాకు అంతకు ముందు విన్న తంబూరే వినపడింది. కానీ రెండేళ్ళకు ఆయన మొహం వెలిగింది. నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడడం మా ఇంట్లో చిన్న సంగతి కాదు.

శ్రావణంలో ఒక శుక్రవారం పేరంటానికి పదిహేను మందిని పిలిచాను. పులిహోరకు బియ్యం కడిగి ఎలక్ట్రిక్ కుక్కర్లో పోసి స్విచ్చి వేస్తే, దాని వైరు చిటపటమని కాలి ఊరుకుంది. పాటల పెట్టె వైరుకూ కుక్కరు వైరుకూ మూతి ఒకటే. ఇంకేముంది, లావు వైరు పీకి కుక్కరుకు తగిలించాను. అన్నం చక్కగా ఉడికింది. గంజి మాత్రం పొంగి ఆ నల్లటి అల్లిక మీదంతా కారి, తెల్లగా అట్ట కట్టింది. ఎంత తుడిచినా పోలేదు. వీధి చివర జోయల్ అంగడికి పరుగెత్తి మామూలు వైరు ఒకటి తెచ్చి పెట్టె వెనక తగిలించాను. ఆయన వచ్చేసరికి ఆరు.

పాట పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఆహా!" అన్నాడు. "ఈ పొద్దు ఇంకా బాగుందే!"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. యార్డులో వేళ్ళు పోయాయి, ఇప్పుడు చెవులు కూడా పోయాయని నేనే ఎట్లా చెప్పేది? పోయి పక్కన కూర్చున్నాను. తప్పు చేసిన మనిషిని కదా, మరుసటి రోజూ కూర్చున్నాను. రెండు నెలలు ఆరు గంటలయ్యేసరికి వంట పని వదిలేసి కూర్చున్నాను. లావు వైరు కుక్కరుతోనే ఉండిపోయింది.

ఆ వైరు ఎట్లుందో వినడానికి పోయిన ఆదివారం మధుసూదన్ అయ్యవారు వచ్చాడు. విన్నాడు, తల పంకించాడు.

"తేడా స్పష్టంగా తెలుస్తాంది బాలయ్యా! నేనూ ఇప్పుడే ఆర్డరు పెడతాండా."

"నిదానించు మధూ. ఇంకో నెల సూద్దాం" అన్నాడు మా ఆయన. తనకున్నది ఇంకొకరికి ఉండకూడదని ఈయన పేచీ అనుకున్నాను.

"ఎందుకప్పా నిదానం? మా ప్రజ్ఞ స్కూటీకి దాచిన డబ్బుంది. అది ఇంకో ఏడాది నందవరానికి ఆటోలోనే పోతాదిలే" అని అయ్యవారు ఫోను తీశాడు.

అయ్యవారి కూతురు ప్రజ్ఞ నాకు తెలుసు. కిక్కిరిసిన ఆటోలో అంచున కూర్చుని ఉద్యోగానికి పోయే పిల్ల. మా ఆయన మాట దక్కాలంటే ఆ పిల్ల స్కూటీ పోవాలి. నేను వంటింట్లోకి పోయి, ఉడుకుతున్న కుక్కర్ని ఆపి, వైరు పీకి తెచ్చి టీపాయ్ మీద పెట్టాను. గంజి మరకలతో సహా.

"ఆర్డరు పెట్టొద్దన్నా. నువ్వు వింటాండేది జోయల్ అంగడి వైరు. అసలుది రెండు నెలల్నుంచి అన్నం ఉడికిస్తాంది."

అయ్యవారు నోరు తెరిచాడు. నేను మా ఆయన వైపు చూడలేకపోయాను.

"నాకు తెల్సు" అన్నాడు ఆయన.

"ఏం తెల్సు?"

"మర్నాడే తెల్సె. పాట పెట్టేముందు యెనక చెయ్యి పెట్టి తడుముతా గదా. ఆ శుక్రవారం మర్చిపోతి. మర్నాడు సన్న వైరు తగిలె. ముందు సిగ్గేసింది. నా సెవులు బొంకినాయి, యేళ్ళు మాత్రం బొంకలే."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆయన గంజి మరకను గోటితో గీకుతూ కూర్చున్నాడు. "చెప్తే నువ్వు వంటింట్లోకి పోతావు. ఇన్నేండ్ల కాపురంలో పాట ఇనేదానికి ఈడ కూసున్నెది ఈ రెండు నెల్లే."

అయ్యవారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. సగం ఉడికిన అన్నాన్ని మళ్ళీ ఉడికించి పెడితే తిని, "తేడా స్పష్టంగా తెలుస్తాంది చెల్లెమ్మా" అని ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

సోమవారం సాయంత్రం ఆరయింది. పెట్టె దగ్గర నుంచి చప్పుడు లేదు. తొంగి చూస్తే, ఆయన పాట పెట్టకుండా కూర్చుని వంటింటి గుమ్మం వైపే చూస్తున్నాడు. నేను వస్తానో రానో అని! ముప్పై ఏళ్ళు ఆ కుర్చీ పక్కన చోటు ఖాళీగా ఉంచినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. పొయ్యి ఆర్పి, చేతులు కొంగుకు తుడుచుకుని పోయి కూర్చున్నాను.

ఆయన చెయ్యి అలవాటుగా పెట్టె వెనక్కి పోబోయి ఆగింది. నా చెయ్యి అందుకుని, బొటనవేలితో నా అరచేతిని పత్తిని చూసినట్టు చూశాడు. అంట్లు తోమి గరుకెక్కిన చెయ్యి అది.

"ఏం రకం శెట్టీ?" అన్నాను.

"దీనికి మిషన్ రిపోర్టు అక్కర్లేదే" అని పాట పెట్టాడు.